బడి రాసుకున్న కాగితాల్లో మన పిల్లలు

ఆశ్రమ ఉన్నత పాఠశాల మీద మనవాళ్ళు రాసే కవితలు, కథలు ఈమధ్య బాగానే వస్తున్నాయి. చదువుతున్నాం, సభల్లో చదివిస్తున్నాం, మంచీచెడూ మాట్లాడుకుంటున్నాం. కానీ ఆ బడి గురించి అందరికంటే ఎక్కువ రాసింది కవులు కాదు, బడే. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, అవుట్‌పాస్ పుస్తకం, యాజమాన్య కమిటీ తీర్మానాల పుస్తకం, సందర్శకుల పుస్తకం, చివర్లో చేతికిచ్చే టీసీ. ఒక పిల్లవాడు మూడో తరగతిలో చేరి పదో తరగతి దాటేలోపు వాడి మీద ఈ పుస్తకాల్లో వందల వరుసలు పడతాయి. మన కథల్లో ఏ పిల్లవాడి మీదా అంత రాత లేదు.

ఆ రాతను మన సభల్లో ఎవరూ విమర్శకు పెట్టలేదు. ఆఫీసు కాగితం కదా, అందులో చదవడానికి ఏముంది అనుకుంటాం. కానీ రేపు మన పిల్లల చదువు చరిత్ర రాయబోయేవాళ్ళకు దొరికేవి ఇవే. కవిత అచ్చయిన పత్రిక దొరక్కపోవచ్చు, రిజిస్టరు మాత్రం బీరువాలో ఉంటుంది (చెదలు వదిలితే). అందుకని ఒక కథల పుస్తకాన్ని ఎట్లా చదువుతామో వీటినీ అట్లాగే చదువుదాం. ఇందులో మాట్లాడేది ఎవరు? ఎవరి మాట వినపడడం లేదు? ఏ మాట వేసి ఏ సంగతిని కప్పారు? మేము చెప్పేది గోదావరికి రెండు పక్కలా ఉన్న కోయ పల్లెల పిల్లలు చదివే బళ్ళ సంగతి. గోండు, కొలాం, సవర, కొండరెడ్డి పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులు తమ బీరువాలు తెరిచి సరిచూసుకోవచ్చు.

మొదటి పేజీలో పేరు ఉంటుంది. ఐతె, సోమె, బుద్రి, సుక్రి - పుట్టిన వారాన్ని బట్టి పెట్టుకునే పేర్లు ఇవి. ఐతె ఆదివారం పుట్టిందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పిల్ల బడిలో చేరిన రోజే ఐశ్వర్య అవుతుంది, సోమె సౌమ్య అవుతుంది. పేరు మార్చింది ఎవరో, ఎవరిని అడిగి మార్చారో రిజిస్టరు చెప్పదు. ఆ పక్క గడిలో పుట్టిన తేదీ. మన పిల్లల్లో ఇంతమంది జూన్‌లోనో జూలై మొదట్లోనో ఎట్లా పుట్టారని ఎవరికీ అనుమానం రాదు. "ఇప్పపూలు రాలే కాలం, పెద్ద వాగు వచ్చిన ఏడు" అని తల్లి చెప్తే దాన్ని తేదీ చేయడం కష్టం, బడిలో చేరే నెల సులువు. ఆ సులువు ఖరీదు పదో తరగతిలో తెలుస్తుంది. ఆధార్‌లో ఒక తేదీ, కుల ధ్రువీకరణలో ఒక ఇంటిపేరు, బడిలో ఇంకో అక్షరం. సోడి, సోడె. మడకం, మడకామి. పదో తరగతి మెమోలో ఒకసారి పడ్డ తప్పు దిద్దించుకోవడానికి తండ్రి ఎన్ని కూలి రోజులు పోగొట్టుకుంటాడో ఆ తండ్రినే అడగాలి. అదే పేజీలో గుర్తింపు పుట్టుమచ్చలకు రెండు గీతలు ఉంటాయి. గట్టుకు ఒక్క గీత కూడా లేదు. మూడో గట్టా, ఐదో గట్టా అన్నది తెలిస్తే చాలు, మన ఊళ్ళో ఎవరైనా ఆ పిల్ల ఎవరికి ఏమవుతుందో చెప్పేస్తారు.

ఆ పేజీలో అన్నిటికంటే పెద్ద అబద్ధం 'మాతృభాష' గడిలో ఉంది. 'తెలుగు' అని రాసి ఉంటుంది. పైవాడిది తెలుగు, కిందిదానిది తెలుగు, పేజీ అంతా తెలుగు. పై నుంచి కింద దాకా ఒకే చేతి రాత, ఒకే సిరా. ఒక్కొక్క పిల్లను అడిగి రాసినట్టు లేదు, గీత గీసి దింపినట్టుంది.

ఈ ఒక్క మాట వల్ల జరిగేది ఏమిటో తరగతి గదిలో చూడాలి. మన పిల్లవాడు 'ఏరు' అంటే నీళ్ళు. తెలుగు వాచకంలో ఏరు అంటే వాగు. వాడికి 'లోన్' అంటే ఇల్లు, తెలుగులో లోపల. 'నార్' అంటే ఊరు, తెలుగులో నారు పొలంలో వేసేది. 'మర్రి' అంటే కొడుకు, వాచకంలో ఊడలు దిగిన చెట్టు. తెలుగు తెలియని పిల్లవాడి కష్టం ఒకటి, ఇది వేరు. మాట వినగానే తెలిసినట్టే ఉంటుంది, తెలిసింది తప్పవుతుంది. 'ఏరు తాగాలి' అని అడిగితే 'ఏరంతా తాగుతావా' అని గది నవ్వుతుంది. నవ్వినవాళ్ళలో సగం మంది కోయ పిల్లలే, రెండేళ్ళు ముందు వచ్చినవాళ్ళు. ఆ నవ్వు తర్వాత వాడు నోరు తెరవడు. సంవత్సరం చివర రిపోర్టులో 'తరగతిలో చురుకుగా లేడు' అని ఉంటుంది. మాతృభాష గడిలో 'కోయ' అని రాసి ఉంటే ఈ రిపోర్టు రాసేవారు కనీసం ఒకసారి ఆగి వెనక పేజీ తిప్పేవారేమో.

చట్టం ఏమంటుందో చూద్దాం. రాజ్యాంగంలో 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ బోధన 'వీలైనంతవరకు' మాతృభాషలో ఉండాలంది. ఆ 'వీలైనంతవరకు' అనే మాటను కూడా మనం విమర్శకుల్లాగే చదవాలి. వీలు ఎవరిది? రిజిస్టరులో మాతృభాష తెలుగు అని ఉన్నప్పుడు కోయలో చెప్పే వీలు గురించి ఎవరూ ఆలోచించనక్కరలేదు. చట్టం తెరిచిన తలుపును ఒక గుమాస్తా గీత మూసేసింది.

వీలు లేక కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నేలకూలిన తర్వాత నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ కొండలకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండిలో వాచకాలు అచ్చువేశారు, దేవనాగరి లిపిలో. లిపి ఏది కావాలన్నది వేరే చర్చ, గుంజాల గోండి లిపి వెలుగులోకి వచ్చాక ఆ చర్చ ఇంకా పెరిగింది. ఇక్కడ చెప్పదలచుకున్నది ఒకటే. ఎనభై ఏళ్ళ కిందట, కరెంటు లేని ఊళ్ళో, అది కుదిరింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో మళ్ళీ ఎనిమిది భాషల్లో, గోండి, కొలామి, కోయ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో, చిన్న తరగతులకు తెలుగు లిపిలో పుస్తకాలు తయారయ్యాయి. రాసింది మన ఉపాధ్యాయులే, బొమ్మలు మన ఊళ్ళవే. ఆ పుస్తకాలు చదివిన పిల్లలు పై తరగతికి, ఆశ్రమ బడికి వచ్చేసరికి అక్కడ వాళ్ళ భాష ఊసు లేదు. ఇప్పుడైతే బోధన ఇంగ్లీషులో. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. తల్లిదండ్రులు కాదనలేదు, మనమూ కాదనం. పెద్ద ఉద్యోగాలు ఆ భాషలో ఉన్నప్పుడు మన పిల్లలకే వద్దనడం ఏం న్యాయం? కానీ ఇంటి దగ్గర కోయ, ఆటస్థలంలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న పిల్లకు మూడు మెట్లు ఎక్కాలి. బడి లెక్కలో మెట్టు ఒక్కటే.

ఇక అవుట్‌పాస్ పుస్తకం. మా దృష్టిలో బడి రాసిన అన్ని పుస్తకాల్లోకీ ఇదే నిజానికి దగ్గరగా ఉంది, ఎందుకంటే ఇందులో కారణం రాయాలి. గడి చిన్నది, రెండు మాటలు పడతాయి. 'పండగ'. 'జ్వరం'. 'ఇంటి పని'. 'చావు'. 'పండగ'. వీటిని నెలల వారీగా వరసపెట్టి చదివితే మన ఏడాది కనపడుతుంది. వానాకాలం మొదట్లో విత్తనాల పండగ, తర్వాత కొత్తల పండగ. బడికి దసరా, సంక్రాంతి సెలవులు ఉంటాయి, వీటికి ఉండవు. పిల్లలు పాస్ అడిగి వెళ్తారు, లేదా అడగకుండా వెళ్తారు. జనవరి నుంచి మార్చి దాకా 'ఇంటి పని' ఎక్కువవుతుంది. అది మిరపతోటల కాలం. కిందికి, మైదానం వైపు, మిరపకాయ ఏరడానికి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతాయి. ఇంట్లో చిన్నపిల్లను, మేకల్ని చూడడానికి తొమ్మిదో తరగతి పిల్ల కావాలి, లేదా ఆ పిల్లే కూలికి కావాలి. మార్చి, ఏప్రిల్లో ఇప్పపువ్వు, ఆ వెనకే తునికాకు. పదో తరగతి పరీక్షలు సరిగ్గా ఇక్కడ పడతాయి. అడవి ఇచ్చే డబ్బుకూ పరీక్షకూ ఒకే నెల.

దీన్ని ఎవరూ కావాలని చేయలేదు. కానీ ఆ పుస్తకం ఏటా ఈ సంగతి చెప్తూనే ఉంది, చదివినవారు లేరు.

అడగకుండా వెళ్ళినవారి గురించి హాజరు పట్టీలో ఒక మాట వాడతారు: 'పారిపోయాడు'. కొన్నిచోట్ల ఇంగ్లీషులో 'అబ్‌స్కాండ్' అని కూడా. జైలు నుంచి వెళ్ళినవాడికి వాడే మాట అది. పదేళ్ళ పిల్లవాడు సాయంత్రం ఆటల గంటలో గోడ దాటి, పన్నెండు కిలోమీటర్లు అడవి దారిన నడిచి, చీకటి పడ్డాక ఇల్లు చేరితే మన ఊళ్ళో ఆ పనికి ఉన్న పేరు 'ఇంటికొచ్చాడు'. రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ఒక మాటలో వాడు దోషి. రెండో మాటలో వాడికి దారి తెలుసు, భయం లేదు, అమ్మ మీద బెంగ ఉంది. తిరిగి తీసుకొచ్చిన తండ్రి ఆఫీసు ముందు చేతులు కట్టుకొని నిలబడతాడు, 'ఇకమీదట ఇలా జరగకుండా చూసుకొందును' అని ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తాడు. పిల్లవాడు ఎందుకు వచ్చేశాడో ఆ కాగితంలో ఉండదు. ఎవరైనా కొట్టారా? పెద్ద పిల్లలు బట్టలు ఉతికించుకుంటున్నారా? పక్క తడిపితే నవ్వారా? విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. హామీ పత్రం మాత్రం తండ్రి దగ్గరే తీసుకుంటున్నారు.

'జ్వరం' అని రాసిన వరుసల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఆగాలి. 'జ్వరం కారణంగా తండ్రి వెంట పంపడమైనది.' ఈ వాక్యానికి కర్త లేడు. బడి రాతంతా ఇట్లాగే ఉంటుంది: పంపడమైనది, చర్చించడమైనది, తీర్మానించడమైనది, తెలియజేయడమైనది. పిల్లలకు వ్యాకరణం చెప్పేటప్పుడు కర్త, కర్మ, క్రియ అని చెప్తాం. బడి తన గురించి రాసుకునేటప్పుడు కర్తను తీసేస్తుంది. ఎవరు పంపారు? రక్తపరీక్ష చేయించాక పంపారా, ముందే పంపారా? ఎన్నో రోజు జ్వరం? దగ్గరున్న ఆసుపత్రికి ఎందుకు పంపలేదు? తండ్రి వచ్చి తీసుకెళ్ళాడా, కబురు అందక రెండు రోజులు ఆలస్యమైందా? జ్వరాల కాలంలో ఆశ్రమ బళ్ళ పిల్లలు చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ వార్తల్లో 'ఇంటి వద్ద మరణించాడు' అనే మాట వచ్చినప్పుడల్లా, బడిలో ఎన్నో రోజున ఒళ్ళు కాలడం మొదలైందో చెప్పే వరుస ఏదని వెతకాలి. అది లేకపోతే నేరం మెల్లగా ఇంటి మీదకు జరుగుతుంది. 'మూఢనమ్మకాలు, మంత్రగాడి దగ్గరకు తీసుకెళ్ళారు' అని రెండో రోజు వార్త వస్తుంది. వాక్యంలో కర్త లేకపోవడం ఇంత దూరం పోతుంది.

పిల్లల సంగతి ఇది, తల్లిదండ్రుల సంగతి తీర్మానాల పుస్తకంలో ఉంది. చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. కాగితం మీద ఈ లెక్క ఎప్పుడూ తప్పదు. పేర్లు ఉంటాయి, వేలిముద్రలు ఉంటాయి, ఊదారంగు ఇంకా ఆరనట్టే కనపడుతుంది. 'సభ్యులందరూ ఏకగ్రీవంగా సంతృప్తి వ్యక్తం చేశారు.' ఈ వాక్యాన్ని ఏ పుస్తకంలో చూసినా ఇదే. పదేళ్ళ కిందటిదీ, మొన్నటిదీ పక్కపక్కన పెడితే తేదీ తప్ప తేడా లేదు.

ఆ సమావేశంలో తల్లులు అసలు మాట్లాడలేదా? మాట్లాడారు. తలుపు బయట, వేపచెట్టు కింద, జీపు కోసం ఎదురుచూస్తూ మాట్లాడింది విన్నాం. ఒక తల్లి అడిగింది: "సారూ, పిల్ల నిద్రల ఉలిక్కిపడి లేస్తే ఎవరిని లేపుతది?" ఇంకొకామె: "ఇంటికొస్తే గటుక ముట్టుకుంటలేదు. ఈడ ఏం పెడ్తున్రో అది మేమెక్కడ తేవాలె?" ఒక తండ్రి: "పొల్లగాడు మంచిగనే సదువుతుండంటున్రు. మా ముసల్ది పిలిస్తే పలుకుతలేడు. సదువంటే గట్లుంటదా?" ఇవి మూడూ విద్యను గురించి అడగదగిన పెద్ద ప్రశ్నలు. మొదటిది రక్షణ గురించి. రాత్రిపూట వంద మంది ఆడపిల్లల దగ్గర పెద్దవాళ్ళు ఎంతమంది, వాళ్ళు ఏ గదిలో పడుకుంటారు అన్నది. రెండోది తిండి గురించీ మర్యాద గురించీ. మూడోదానికి మన దగ్గర కూడా జవాబు లేదు, దాన్ని ఒక పుస్తకంగా రాయాలి. తీర్మానాల పుస్తకంలో ఇవి 'వసతి, భోజనం, విద్యా ప్రమాణాలపై చర్చించడమైనది' అయ్యాయి.

కమిటీ కబురు పిల్లల చేత ముందురోజు పంపుతారు. రావాలంటే కూలి పోవాలి. వచ్చాక మాట్లాడేది తెలుగులో, అదీ ఆఫీసు తెలుగులో. కోయలో ఒక్క మాట విన్నా ముఖాలు విచ్చుకుంటాయి. అక్కడ కోయ వచ్చిన ఉపాధ్యాయుడు ఉంటే సమావేశం నడిచే తీరే వేరు, ఇది మేము మళ్ళీ మళ్ళీ చూసిన సంగతి. అందుకే 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 సంగతి ఇక్కడ చెప్పాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులు స్థానిక ఆదివాసులకే అన్న ఆ జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది. అప్పటికి చేరినవారి ఉద్యోగాలను షరతు మీద ఉంచింది. ఆ తీర్పు మీద బయట జరిగిన చర్చ అంతా ఉద్యోగాల గురించే: ఎన్ని పోస్టులు, ఎవరి వాటా. మన యువకులు కూడా ఎక్కువగా ఆ లెక్కలోనే మాట్లాడారు. అది అన్యాయం కాదు, డిప్లొమా చేసి కూర్చున్నవారి బతుకు అది. కానీ వేపచెట్టు కింద ఆ తల్లి అడిగిన మాటను తీర్మానాల పుస్తకం దాకా ఎవరు మోసుకురాగలరు అన్న ప్రశ్న ఆ చర్చలో రాలేదు. మన వాదనకు అదే గట్టి బలం అయి ఉండేది.

సందర్శకుల పుస్తకం మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. పెద్దలు వస్తారు, వంటగది చూస్తారు, పప్పు రుచి చూస్తారు, 'బాగుంది, పారిశుద్ధ్యం మెరుగుపరచాలి' అని రాసి సంతకం పెడతారు. వచ్చే రోజు ముందే తెలుస్తుంది కాబట్టి ఆ రోజు పప్పు బాగానే ఉంటుంది. కావాలంటే ఒక లెక్క చూడండి. తెలంగాణలో 2024 చివర డైట్ చార్జీలు పెంచారు, 8 నుంచి 10 తరగతుల పిల్లలకు నెలకు 1,540 రూపాయలు, 3 నుంచి 7 వారికి 1,330. పెంచడం మంచిదే, చాలా కాలం ఎదురుచూసిందే. రోజుకు పెద్ద పిల్లకు 51 రూపాయలు, చిన్నపిల్లకు 44, మూడు పూటలకూ కలిపి. గోడ మీద రాసిన మెనూ బోర్డును ఈ అంకె పక్కన పెట్టి చదవండి. ఆ వ్యాఖ్యల పుస్తకంలో ఈ రెండింటినీ కలిపి చదివిన వ్యాఖ్య ఒక్కటీ మా కంటపడలేదు.

బడి బయట అచ్చయ్యే రాత కూడా ఒకటుంది, ఫలితాల వారంలో పేపర్లో వస్తుంది. 'మట్టిలో మాణిక్యం', 'అడవిబిడ్డ ప్రతిభ', 'గిరిజన కుసుమం'. ఫొటోలో పిల్ల, అటూ ఇటూ అమ్మానాన్న, చేతిలో మిఠాయి. చదివితే మనకూ కళ్ళు చెమరుస్తాయి, కాదనం. అయితే శీర్షిక ఏమంటుందో ఆలోచించండి. మాణిక్యం ఆ పిల్ల. మరి మట్టి ఎవరు? పక్కన నిలబడ్డ ఆ తల్లి, తండ్రి, ఆ ఊరు, ఆ భాష. వార్త లోపల కూడా అంతే. 'నిరక్షరాస్యులైన తల్లిదండ్రులు', 'పేదరికాన్ని జయించి'. ఆ తల్లికి ఎన్ని ఆకుల పేర్లు తెలుసో, ఏ దుంప ఎట్లా ఉడికిస్తే చేదు పోతుందో, ఎన్ని రేల పాటలు నోటికి వచ్చో రాయమని కాదు. ఆ పిల్లను హాస్టలుకు పంపి ఎనిమిదేళ్ళు ఒక చేయి తక్కువతో పొలం నడిపింది ఆ ఇల్లు. అది పెట్టుబడి. దాన్ని పెట్టుబడి అని ఏ వార్తా అనదు. ఇంకొకటి, ఆ పిల్లతో కలిసి మూడో తరగతిలో చేరినవారు ఎంతమంది, పదో తరగతి హాలు టికెట్టు అందుకున్నవారు ఎంతమంది? విలేకరి అడగడు, బడి చెప్పదు. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ళ దాకే. ఎనిమిదో తరగతి అయ్యాక పిల్ల జారిపోతే చట్టం కూడా వెతకదు. మిరపతోటల వైపు వెళ్ళే దారి సరిగ్గా తొమ్మిదో తరగతి దగ్గరే మొదలవుతుంది.

ఇంతవరకూ ఇతరుల రాత. మన రాత సంగతి కూడా చెప్పకపోతే ఇది విమర్శ కాదు. ఆశ్రమ బడి మీద మన యువ రచయితలు రాసేవాటిలో ఎక్కువగా నీళ్ళ పప్పు ఉంటుంది, బెత్తం ఉంటుంది, అమ్మ కన్నీళ్ళు ఉంటాయి. అవి నిజం. కానీ అన్ని కవితల్లోనూ అవే, అదే వరసలో. అందరి బాధా ఒకేలా వినపడుతుంటే చదివేవాడు కొంతకాలానికి వినడం మానేస్తాడు. రిజిస్టరులో 'జ్వరం' అని రెండు అక్షరాల గడి ఉన్నట్టే మన కవితలోనూ 'ఆకలి' అని ఒక గడి తయారైంది. ఆ బడిలో పిల్లలకు దొరికే సంతోషం ఏదీ రాయడం లేదు. వేరే ఊరి పిల్ల స్నేహం, మొదటిసారి తనంతట తాను కథ ఒకటి చివరిదాకా చదివేసిన రాత్రి, వాలీబాల్, లైట్లు తీశాక దుప్పటి కింద కోయలో గుసగుసలు, ఆదివారం అమ్మ తెచ్చిన తునికిపండ్లు పదిమంది పంచుకోవడం. వీటిని రాస్తే బడి తప్పులు తగ్గిపోతాయని భయమా? తగ్గవు. పిల్ల ఆ బడిని ప్రేమించింది కూడా అని తెలిసినప్పుడే, దాన్ని వదిలి వెళ్ళాల్సి రావడం ఎంత నష్టమో చదివేవాడికి అర్థమవుతుంది. ఇంకో లోపం. మన కవితల్లో వంటమనిషి, వార్డెను ఎప్పుడూ దుర్మార్గులే. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద చాలీచాలని జీతంతో పనిచేసే సీఆర్‌టీలు, తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి ముట్టించే మన ఊరి వంటమనుషులు, వీళ్ళలో చాలామంది మనవాళ్ళే. వాళ్ళ నోట ఒక్క కథ కూడా రాలేదు.

కొందరు ఉపాధ్యాయులం రెండేళ్ళుగా ఒక చిన్న పని చేస్తున్నాం. బడి రిజిస్టర్ల పక్కన, వాటితో సంబంధం లేకుండా, ఒక రూళ్ళ నోటుబుక్కు. ఆదివారం పిల్లల్ని చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు చెప్పింది చెప్పినట్టు రాయడం. కోయలో చెప్తే కోయలోనే, తెలుగు లిపిలో. పేరు, ఊరు రాయం. రాసింది చెప్పినవారికి చదివి వినిపిస్తాం, వద్దంటే కొట్టేస్తాం. భాష దిద్దం, ముఖ్యంగా 'సంతృప్తి వ్యక్తం చేశారు' లాంటి మాటలు మన చేతి నుంచి జారిపడకుండా చూసుకుంటాం. చాలా తక్కువ రాతే ఇది, ఒక బడిలో నెలకు మూడో నాలుగో పేజీలు. దీన్ని ఎవరైనా చేయవచ్చు. డిగ్రీ చదువుతూ సెలవులకు ఊరికి వచ్చిన పిల్లలు ఇంకా బాగా చేయగలరు, వాళ్ళ ముందు అవ్వలు, అత్తలు మాదాని కంటే నిర్భయంగా మాట్లాడతారు.

ఆ నోటుబుక్కులోంచి ఒక సంగతి. టీసీలో 'బడి విడిచిన కారణం' అనే గడి ఉంటుంది. మధ్యలో వెళ్ళిపోయిన పిల్లల టీసీల్లో ఎక్కువగా 'తండ్రి కోరికపై' అనే ఉంటుంది. తొమ్మిదో తరగతి మధ్యలో కూతురి టీసీ తీసుకున్న ఒక తండ్రి వరండాలో కూర్చొని చెప్పింది మేము ఇట్లా రాసుకున్నాం: "నేను తీస్కపోతనని అనలే. పిల్ల వొస్తనంది. ఎందుకే అంటే సెప్పలే. వాళ్ళమ్మతోని సెప్పింది. నెలకొచ్చినప్పుడు గుడ్డకు నీళ్ళు లెవ్వంట, బాత్‌రూమ్ తలుపుకు గొళ్ళెం లేదంట. గొళ్ళెం నేనే తెచ్చి బిగిస్త సారూ అన్న. ఇప్పుడు పేరు కొట్టేసిన్రు, మళ్ళ జూన్‌ల రమ్మన్రు."